ఏకై వచ్చి మేకైన పాలన
(గోడాదరాలో తెలుగు కుటుంబముల సభయందు చేసిన ఉపన్యాసపు పాఠము)



ఒక జాతి పరపాలనకు లోబడుట ఎట్లు జరుగును? పెద్ద సేన దండెత్తి వచ్చెననియు, యుద్ధమున స్వదేశీయులు ఓడిరనియు, ఆనాటినుండి బానిసత్వము ప్రారంభమయ్యెననియు సామాన్యముగా అనుకొందురు. చరిత్ర యందు అట్టి ఘట్టములు లేకపోలేదు. కాని అంతకంటె మెల్లగా, అంతకంటె లోతుగా దిగిన పరపాలన మరియొకటి కలదు. దానిని వర్ణించుటకు తెలుగున చక్కని సామెత యున్నది: ఏకై వచ్చి మేకైనాడు. దూదితో చుట్టిన ఏకు మెత్తనిది. చేతికి హాయిగా నుండును. మేకు దిగిన పిదప గోడ పగులునే కాని మేకు కదలదు. నూలుతో బ్రదుకు ముడివడిన వారికి ఈ సామెతలోని పదును వేరుగా చెప్పనక్కరలేదు.

వియత్నాము ప్రజల చరిత్ర యనగానే అది దూరదేశపు కథగా తోచును. కాని ఆ కథను సూరతు పక్కను, బందరు పక్కను నిలిపి చదివినచో మూడును ఒకే కథ యని తెలియును. సూరతు గుజరాతు తీరమున తాపీనది ఒడ్డున వెలసిన రేవు. బందరు, అనగా మచిలీపట్టణము, తూర్పుతీరమున తెలుగుదేశపు రేవు. "బందరు" అను మాటకు పారసీకమున రేవు అనియే అర్థము. ఈ రెండు రేవులకును వియత్నామునకును సంబంధమేమి? పరపాలన మూడు చోట్లను మూడు మెట్లు ఎక్కియే సింహాసనమును చేరినది. మొదటి మెట్టు అంగడి, రెండవది కోట, మూడవది బొక్కసము.

వియత్నామీయులు పరపాలనను ఎరుగనివారు కారు. క్రీస్తు పూర్వము 111వ సంవత్సరమున చీనా చక్రవర్తులు వారి దేశమును జయించిరి. సుమారు వేయి సంవత్సరములు ఆ పాలన సాగెను. క్రీ.శ. 40లో త్రుంగ్ సోదరీమణులు తిరుగబడి మూడేండ్లు స్వతంత్రముగా నిలిచిరి. 938లో న్గో క్వియెన్ అను వీరుడు బాక్ డాంగ్ నదిలో ఇనుప మొనలు తొడిగిన కొయ్యలను పాతించి, పోటునీటిలో శత్రునౌకలను లోనికి రానిచ్చి, ఆటుసమయమున వానిని ఆ కొయ్యలపై చిక్కించి, చీనా నౌకాదళమును నాశనము చేసెను. అదే నదిలో, అదే ఉపాయముతో, 1288లో త్రాన్ హుంగ్ దావో మంగోలులను ఓడించెను. సేనతో వచ్చిన శత్రువును వారు గుర్తింపగలిగిరి, ఎదిరింపగలిగిరి. తరువాత వచ్చినవాడు తక్కెడతో వచ్చెను. వానిని గుర్తించుట కష్టమయ్యెను.

మొదటి మెట్టగు అంగడిని చూతము. అక్బరు 1573లో సూరతును జయించెను. నాటినుండి అది మొగలు సామ్రాజ్యమునకు ప్రధానమైన రేవు. మక్కాయాత్రికులు ఓడ యెక్కు ద్వారము. 1608లో హాకిన్స్ అను ఆంగ్లేయుడు "హెక్టర్" అను ఓడలో ఇచ్చటికి వచ్చెను. 1612లో సువాలీ సముద్రమున ఆంగ్లేయులు పోర్చుగీసువారిపై గెలిచిరి. 1613లో వర్తకశాల పెట్టుటకు మొగలు అనుమతి లభించెను. 1616లో వలందావారు, అనగా డచ్చివారు, వచ్చిరి. 1668లో పరాసులు, అనగా ఫ్రెంచివారు, తమ మొదటి వర్తకశాలను సూరతులోనే తెరచిరి.

బందరు కథయు ఇట్టిదే. వలందావారు 1605లోను, ఆంగ్లేయులు 1611లో "గ్లోబు" అను ఓడలోను, పరాసులు 1669లోను అచ్చటికి చేరిరి. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేర్లు నేటికిని బందరులో నిలిచియున్నవి. గోలకొండ సుల్తాను 1632లో సువర్ణ ఫర్మానా నొసగి, సంవత్సరమునకు 500 వరహాలు చెల్లించి తన రేవులలో వర్తకము చేసికొనుటకు ఆంగ్లేయులను అనుమతించెను. ఆనాడు ఆ వర్తకులు చేతులు కట్టుకొని నిలువబడినవారే. సూరతులో వీర్జీ వోరా అను మహావర్తకుని యొద్ద ఆంగ్లేయ కంపెనీ అప్పులు తీసికొనుచుండెడిది. అప్పు తీసికొన్నవాడు ఒకనాటికి ఊరి యజమాని యగునని ఎవరు ఊహింతురు?

వియత్నామునను పోర్చుగీసువారు, వలందావారు, ఆంగ్లేయులు హోయి ఆన్ రేవునకును, టోంకిను ప్రాంతమునకును వర్తకమునకై వచ్చిరి. అప్పటికే ఆ దేశము ఉత్తరమున త్రిన్ ప్రభువులకును, దక్షిణమున న్గుయెన్ ప్రభువులకును మధ్య చీలియుండెను. ఇరువురును పరదేశీయులనుండి ఫిరంగులను కోరిరి. కొనువాడు ఇద్దరుగా చీలినపుడు అమ్మువానికి ఇరువైపులను లాభమే.

రెండవ మెట్టు కోట. సూరతు కోట 16వ శతాబ్దమున, గుజరాతు సుల్తానుల కాలమున, పోర్చుగీసువారి దాడులను ఆపుటకై కట్టినది. పరదేశీయులనుండి రక్షణకై కట్టిన ఆ గోడలు తుదకు పరదేశీయుల స్థావరమగుటకు కారణమేమి? 1664 జనవరిలో శివాజీ సూరతుపై దాడి చేసినపుడు నగరపాలకుడైన ఇనాయత్ ఖాన్ ప్రజలను విడిచి కోటలో దాగెను. ఆంగ్లేయులు మాత్రము ఆక్సెండెన్ నాయకత్వమున తమ వర్తకశాలను కాపాడుకొనిరి. ఔరంగజేబు మెచ్చి వారికి ఒక సంవత్సరము సుంకము మినహాయించెను. 1670లో శివాజీ మరల వచ్చెను. రాజు గోడ తమను కాపాడలేదనియు, వర్తకుని గోడ నిలిచినదనియు నగరవాసుల మనస్సులో నాటుకొనెను. పరపాలనకు పునాదిరాయి పడిన చోటు యుద్ధభూమి కాదు, ఈ అభిప్రాయమే.

ఆ పిదప శతాబ్దము గడువకముందే సూరతులో నవాబు పదవికై తగవులు పెరిగెను. కోట సిద్దీల చేతిలో ఉండెను. నగరము నవాబు చేతిలో ఉండెను. ఇద్దరి నడుమ నలిగిన వర్తకులలో పలువురు ఆంగ్లేయుల జోక్యమును కోరిరి. 1759 మార్చిలో ఆంగ్లేయులు కోటను పట్టుకొనిరి. నవాబు పేరు మిగిలెను; ఫిరంగులు కంపెనీవయ్యెను.

సుమారు ఒక నెల గడచిన పిదప, అదే సంవత్సరము ఏప్రిలులో, తూర్పుతీరమున కర్నల్ ఫోర్డు బందరు కోటను పరాసులనుండి గైకొనెను. దాని వెనుక నున్న కథ తెలుగువారికి సుపరిచితము. నిజాము సలాబత్ జంగు 1753లో ఉత్తర సర్కారులను పరాసులకు ఇచ్చెను. విజయనగర ప్రభువైన విజయరామరాజునకును బొబ్బిలివారికిని గల వైరము బుస్సీ ఫిరంగులను బొబ్బిలి కోటగుమ్మమునకు తెచ్చెను. 1757 జనవరి 24న బొబ్బిలి బూడిదయ్యెను. తాండ్ర పాపారాయుని చేతిలో విజయరామరాజు హతుడయ్యెను. ఆ పిమ్మట ఆనందగజపతి పరాసులపై ఆంగ్లేయులను పిలిచెను. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధము జరిగెను. దాని ఫలితమే బందరు పతనము. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిన దనుట ఇదియే. బొబ్బిలి కథను వీరగాథగా వినుట న్యాయమే. కాని ఆ వీరులిరువురును కలసియున్నచో పరదేశి ఫిరంగికి గురి దొరకియుండునా యని అడుగుటయు న్యాయమే.

వియత్నామున ఈ మెట్టునకు ఫ్రెంచి ఇండియాతో నేరుగా సంబంధము కలదు. తాయ్ సోన్ తిరుగుబాటులో రాజ్యము కోల్పోయిన న్గుయెన్ ఆన్ తరఫున పిన్యో అను ఫ్రెంచి మతాచార్యుడు 1787లో ఫ్రెంచి రాజుతో ఒడంబడిక చేయించెను. పాండిచ్చేరి గవర్నరు సహాయము నిరాకరింపగా, ఆయన ధనమును, స్వచ్ఛంద సైనికులను తానే కూర్చుకొని 1789లో వియత్నామునకు తిరిగిపోయెను. న్గుయెన్ ఆన్ గెలిచి 1802లో జియాలోంగ్ చక్రవర్తి యయ్యెను. ఆ సహాయపు జ్ఞాపకము ఫ్రెంచివారికి ఒక హక్కుగా తోచుటకు ఎంతో కాలము పట్టలేదు. 1858లో వారి నౌకలు దా నాంగ్ రేవుపై కాల్పులు జరిపెను. 1862లో దక్షిణపు మూడు రాష్ట్రములు పోయెను; 1867లో మరి మూడు పోయెను; 1884 నాటికి దేశమంతయు వారి వశమయ్యెను.

మూడవ మెట్టు బొక్కసము. కోట చేజిక్కినంతమాత్రమున పరపాలన పూర్తికాదు. పన్ను వసూలుచేసి, ఆ ధనమునకు లెక్క ఎవరికి చెప్పవలెనో నిర్ణయించు అధికారము వచ్చిననాడే అది పూర్తి యగును. 1765లో క్లైవు మొగలు చక్రవర్తి షా ఆలం నుండి ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందెను. 1766లో నిజాముతో ఒడంబడిక జరిగెను. 1788లో గుంటూరు చేరెను. 1800లో దత్తమండలములను నిజాము వదలుకొనెను. అదే 1800లో సూరతు పాలన యంతయు కంపెనీ చేతికి వచ్చెను. నవాబునకు భరణము మిగిలెను. 1842లో చివరి నవాబు మరణింపగా ఆ పేరును పోయెను. వియత్నామునను అట్లే హ్యూ నగరమున చక్రవర్తి సింహాసనముపై 1945 వరకు కూర్చుండెను. సంతకము మాత్రము ఫ్రెంచి అధికారి చెప్పినచోట పెట్టెను. గొడుగు స్వదేశీయునిపై, తాళపుచెవి పరదేశీయుని నడుమున: ఇదియే ఆ పాలన రూపము.

ఈ మూడవ మెట్టు సాలెవాని మగ్గమునకు ఎట్లు తగిలెనో తెలియుట గోడాదరాలో విశేషముగా అవసరము. మొదట పలు కంపెనీలు పోటీపడి బట్టలు కొనుచున్నంతకాలము నేతగానికి బేరమాడు బలము ఉండెను. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెము బట్ట "మడపొల్లము" అను పేరుతో ఐరోపాలో ఒక జాతి వస్త్రముగా ప్రసిద్ధికెక్కెను. ఏలికయు కొనుగోలుదారుడును ఒక్కడే యైన పిమ్మట ఆ బలము పోయెను. ముందుగా బయానా ఇచ్చుట, బయానా తీసికొన్నవాడు అన్యులకు నేయరాదనుట, ధరను కొనువాడే నిర్ణయించుట, మాట మీరినచో బంట్రోతును ఇంటిముందు నిలుపుట సర్కారులలోను సూరతులోను సాగెను. తరువాత ఇంగ్లండు యంత్రములు నేసిన బట్టయే ఈ తీరములకు దిగుమతి యయ్యెను. నేసి అమ్మిన దేశము కొని కట్టు దేశమయ్యెను.

బొక్కసము పరులకు లెక్క చెప్పునపుడు కరవు కాలమున ఏమగును? 1832, 33 సంవత్సరముల నందన కరవులో గుంటూరు మండలమున సుమారు 5 లక్షల జనములో లక్షన్నరమంది ఆకలికి బలియైరని లెక్కలు చెప్పుచున్నవి. వియత్నాము ఉత్తరభాగమున 1944, 45లలో, జపాను సైన్యమును ఫ్రెంచి యంత్రాంగమును కలసి ధాన్యమును గుంజుకొనుచుండగా, లక్షలకొలది ప్రజలు మరణించిరి. కాలము వేరు, పాలకులు వేరు, కారణములలో కొన్నియు వేరు. కాని రెండు చోట్లను ఆకలిగొన్నవాని కేక బొక్కసము తాళమువరకు చేరలేదు.

ధవళేశ్వరము ఆనకట్ట లేదా, రైలుమార్గములు లేవా యని అడుగువారు కలరు. ఉన్నవి. కాటన్ దొర పట్టుదలవలన 1852 నాటికి పూర్తియైన గోదావరి ఆనకట్ట లక్షల ఎకరములను పచ్చగా చేసెను. ఆ ఉపకారమును గోదావరి ప్రజలు మరువలేదు. అయితే ఆ ఆనకట్ట కట్టవలెనా వద్దా యని నిర్ణయించినది గోదావరి రైతు కాదు, లండనులోని కంపెనీ డైరెక్టరులు. మంచి పని జరిగినను అడిగి చేయించుకొను హక్కు లేనిచో అది దానమే కాని పాలన కాదు.

ఇక ఈ మేకు ఎట్లు ఊడెను? ఎచ్చట దిగెనో అచ్చటనే ఊడెను. బొక్కసముతో పూర్తియైన పాలన, బొక్కసము నొద్దనే ప్రజల చేతిలో వదులయ్యెను. సూరతు ప్రజలు దీనిని చాల ముందుగా గ్రహించిరి. 1844లో ప్రభుత్వము ఉప్పుపై సుంకమును మణుగునకు 8 అణాలనుండి 1 రూపాయికి పెంచెను. నగరమంతయు తిరుగబడెను, ప్రభుత్వము కొంత వెనుకకు తగ్గవలసివచ్చెను. 1848లో బెంగాలు తూనికలను బలవంతముగా తేబోగా అంగళ్లు మూతపడెను; ఆ తూనికలు రాలేదు. 1844 నాటి ఆ ఉప్పు 1930 ఏప్రిల్ 6న అప్పటి సూరతు జిల్లాలోని దండి తీరమున గాంధీజీ పిడికిట దేశమంతటికి కనబడెను. బందరు సముద్రతీరమున పట్టాభి సీతారామయ్యగారు స్వచ్ఛంద సేవకులతో ఉప్పు చేసి కారాగారమునకు ఏగిరి. వియత్నామున గవర్నర్ జనరల్ డూమే కాలము నుండి ఉప్పు, సారా, నల్లమందు ప్రభుత్వపు గుత్తవ్యాపారములై ప్రజలను పీడించుచుండెను. అన్నములో పడు చిటికెడు ఉప్పుపై చేయివేసిన పాలకుని పేదవాడు కూడ గుర్తించును.

భూమిశిస్తు విషయమునను ఇట్లే. 1922 ఆరంభమున గుంటూరు మండలములోని పెదనందిపాడు ప్రాంతమున పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున రైతులు శిస్తు నిరాకరించిరి. అదే సమయమున సూరతు జిల్లాలోని బార్డోలీ అట్టి పోరాటమునకు సిద్ధమై, చౌరీచౌరా సంఘటన పిదప గాంధీజీ ఆజ్ఞచే ఆగెను, పెదనందిపాడును విరమించెను. ఆరేండ్లకు, 1928లో, వల్లభభాయి పటేలు నాయకత్వమున బార్డోలీ రైతులు 22 శాతము శిస్తు పెంపును ఎదిరించిరి. విచారణలో అది సుమారు 6 శాతమునకు తగ్గెను. వియత్నామునను 1908లో క్వాంగ్ నామ్ మొదలుకొని మధ్యరాష్ట్రముల రైతులు పన్నుల భారమునకు వ్యతిరేకముగా వేలకొలదిగా కదలిరి. పెదనందిపాడు రైతు క్వాంగ్ నామ్ పేరు విని యుండడు. అయినను ఇరువురు అడిగినది ఒకే ప్రశ్న: ఈ ధనము ఎవరిది, ఎవరికి లెక్క చెప్పెదవు?

పరపాలన పోయిన విధములు మాత్రము వేరువేరు. భారతదేశమునుండి ఆంగ్లేయులు 1947లో వైదొలగిరి. ఫ్రెంచివారు అంత సులభముగా కదలలేదు. 1945 సెప్టెంబరు 2న హో చి మిన్ హనోయిలో స్వాతంత్ర్యమును ప్రకటించినను, ఫ్రెంచి సైన్యము మరల దిగెను. 1954 మే 7న దియెన్ బియెన్ ఫూ దుర్గము పడిపోయెను. ఆ తరువాత ఐదు వారములకు, జూన్ 13న, గోదావరి ఒడ్డుననున్న తెలుగుపట్టణమైన యానామును దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున స్వాతంత్ర్యవాదులు చేజిక్కించుకొనిరి. నవంబరు 1న ఫ్రెంచి స్థావరముల పాలన భారతదేశమునకు అప్పగింపబడెను. 1962 ఆగస్టు 16న అది చట్టరీత్యా పూర్తియయ్యెను. సూరతునకు దక్షిణముననున్న దమనునుండి పోర్చుగీసువారు 1961 డిసెంబరులో గాని తొలగలేదు. వియత్నాము 1954లో రెండుగా చీలి, అమెరికాతో దీర్ఘయుద్ధము చేసి, 1975 ఏప్రిల్ 30న గాని ఆ కథను ముగింపలేదు. యానామునకును, హనోయికిని ఒకే యజమాని యుండెనని తలచినపుడు, వియత్నాము చరిత్ర తెలుగువారికి పరాయి కథ కాదని స్పష్టమగును.

ఈ చరిత్ర నేటి గోడాదరాకు ఏమి చెప్పుచున్నది? ఒకప్పుడు ప్రత్యేక గ్రామమైన ఈ ప్రదేశము నేడు సూరతు మహానగరములో భాగము. తెలంగాణ జిల్లాలనుండి వచ్చిన పద్మశాలీ కుటుంబములు సూరతు మరమగ్గములపై తరములుగా పనిచేయుచున్నవి. చేతిమగ్గము కూడు పెట్టలేని దినములలో వారు ఊరు విడిచిరి. సూరతు వారికి పని ఇచ్చెను; వారు సూరతునకు నేర్పు ఇచ్చిరి. కావున తాపీ ఒడ్డునున్న ఆ కోట గుజరాతీయుల సొత్తు మాత్రమే యని తెలుగు బాలబాలికలు భావింపరాదు. మరమ్మతులు చేసి ప్రదర్శనశాలగా నిలిపిన ఆ కోటను వారు తల్లిదండ్రులతో కూడ చూడవలెను. 1759 అను సంవత్సరము నొద్ద ఆగి, ఆ ఏడు తూర్పున బందరు కూడ పోయెనని చెప్పుకొనవలెను. అట్లు చెప్పుకొన్న బిడ్డకు సూరతు పరాయి ఊరు కాదు.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఈ చరిత్ర మరియొకటి చెప్పుచున్నది. అది కొంచెము కటువైనది. సుంకపు కచ్చేరి, ఆదాయపు పన్ను కార్యాలయము, తపాలా, రైల్వే: ఇవియన్నియు ఒకనాడు పరపాలకులు నిలిపిన బల్లలే. బల్ల మారలేదు, కాగితపు రూపమును అంతగా మారలేదు. మారవలసినది ఒక్కటే: బల్లకు ఇవతల నిలిచినవాడు అర్థియా, యజమానియా యను సంగతి. ఫారము పూర్తిచేయ చేతకాని మగ్గపు పనివాడు, తన భాషలో తప్ప అడుగలేని వృద్ధురాలు, ఒక కాగితమునకై నాలుగుమారులు తిరిగిన కూలి, వీరు కార్యాలయమునుండి వెలుపలికి వచ్చునపుడు "ఇది మన ప్రభుత్వము" అనుకొందురా, లేక "వారి ప్రభుత్వము" అనుకొందురా? స్వరాజ్యము వచ్చినదో రాలేదో ఆ ఒక్క మాటలో తేలిపోవును. జెండా సంవత్సరమునకు రెండుమారులు ఎగురును. కిటికీ దినదినము తెరువబడును.

కలహమువలన ద్వారము తెరచుకొనుననుట బొబ్బిలియు, సూరతు నవాబులును, త్రిన్ న్గుయెన్ ప్రభువులును నేర్పిన పాఠము. లెక్క అడుగుటవలన ద్వారము మరల ప్రజలదగుననుట పెదనందిపాడు, బార్డోలీ, క్వాంగ్ నామ్ నేర్పిన పాఠము. మొదటిదానిని ఇండ్లలోను సంఘములలోను, రెండవదానిని కార్యాలయములలోను ఆచరించినచో ఏకు ఏకుగానే యుండును. దానితో నూలు వడికి బట్ట నేసికొనవచ్చును. అది మేకు కానక్కరలేదు.